నమ్మకం... గజం ఎంత?

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో బస్సు దిగి తలెత్తి చూడండి. మొదట కనిపించేది ఫ్లెక్సీ. దాని పక్కన ఇంకో ఫ్లెక్సీ. ఒకదానిలో హీరో నవ్వుతుంటాడు, ఇంకోదానిలో పచ్చటి గడ్డి మీద పిల్లలు పరుగెత్తుతుంటారు. ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు, ఫ్యూచర్ సిటీకి ఇన్ని నిమిషాలు అని లెక్కలుంటాయి. అన్నింటి మీదా కామన్‌గా ఉండే మాట ఒక్కటే... 'నమ్మకం'. నమ్మకానికి చిరునామా, నమ్మకమే మా పెట్టుబడి, తరతరాల నమ్మకం. తరతరాల నమ్మకమని రాసుకున్న కంపెనీ పుట్టి రెండేళ్లు కూడా కాలేదని తర్వాత తెలిసింది. అది వేరే కథ. కాదు, అదే కథ.

మా నాయిన 31 ఏళ్లు లారీ నడిపాడు. మోకాళ్లు మొరాయించడంతో పోయినేడాది లారీ అమ్మేశాడు. ఆ పైసలు, అంతకుముందు దాచుకున్నవి కలిపి తొమ్మిది లక్షలు. ఆయన 62 ఏళ్ల జీవితం మొత్తం తీసి లెక్కపెడితే చేతికొచ్చింది అదీ. ఆ తొమ్మిది లక్షలు ఎక్కడ పెట్టాలన్నదాని మీద మా ఇంట్లో రెండు నెలలు అసెంబ్లీ నడిచింది. అమ్మ ఒక పార్టీ, నాయిన ఒక పార్టీ, నేను స్వతంత్ర అభ్యర్థిని.

అప్పుడే మేనత్త కొడుకు, మా బావ వచ్చాడు. డిగ్రీ అయ్యాక ఏడాదిన్నరగా ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో చేస్తున్నాడు. టక్ చేసుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని వచ్చి, నాయిన పక్కన మంచం మీద కూర్చుని బ్రోచర్ విప్పాడు.

"మామా, ఇది ప్రీ లాంచ్. ఇప్పుడు గజం నాలుగువేల ఐదువందలు. రెరా వచ్చినంక తొమ్మిది వేలు. రెండొందల గజాలు తీస్కో. సరిగ్గ తొమ్మిది లక్షలు. రెండేండ్లల్ల డబులు" అన్నాడు.

నాయిన బ్రోచర్ చూడలేదు. బావ ముఖం చూశాడు. చిన్నప్పుడు ఎత్తుకుని జాతరకు తీసుకెళ్లిన పిల్లగాడు. "అల్లుడే చెప్తుండు గదా" అన్నాడు. మర్నాడే 50 వేలు బయానా ఇచ్చేశాడు. నాకు చెప్పింది మూడో రోజు.

కోల్గేట్ నుంచి టాటా దాకా

ఆ వారమే నాకు ఈ పిచ్చి పట్టింది. జనం అసలు ఎవర్ని నమ్ముతారు? ఎందుకు నమ్ముతారు? దీని మీద ప్రపంచంలో పెద్ద పెద్ద సర్వేలే ఉన్నాయి. ఎడెల్మన్ అనే పీఆర్ సంస్థ 2000 సంవత్సరం నుంచి ఏటా 'ట్రస్ట్ బారోమీటర్' తెస్తోంది. ప్రభుత్వం, వ్యాపార సంస్థలు, మీడియా, స్వచ్ఛంద సంస్థలు... ఈ నాలుగింటిని ఏ దేశంలో జనం ఎంత నమ్ముతున్నారో కొలుస్తుంది. అందులో మన దేశం చాలాకాలంగా పై వరుసలోనే ఉంటోంది. అంటే మనం బాగా నమ్మేవాళ్లం. మంచిదో చెడ్డదో మీరే చెప్పండి. ఇక ఎకనమిక్ టైమ్స్ వాళ్ల 'మోస్ట్ ట్రస్టెడ్ బ్రాండ్స్' సర్వేలో కోల్గేట్ వరుసగా కొన్నేళ్లు నంబర్ వన్.

కోల్గేట్‌ను నమ్మడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. అది మనల్ని అడిగేది ఎంత? యాభయ్యో వందో. నచ్చకపోతే వచ్చే నెల ఇంకోటి కొంటాం. టూత్‌పేస్టు మీద నమ్మకాన్నీ, తొమ్మిది లక్షల మీద నమ్మకాన్నీ ఒకే త్రాసులో తూచకూడదు. అందుకే నేను ప్రశ్న మార్చాను. 'ఏ బ్రాండ్ ఇష్టం' అని కాదు. 'మీ పైసలన్నీ ఎవరి దగ్గర పెట్టి నిమ్మళంగ పండుకుంటరు?' అని. చౌరస్తాలో, బస్టాండ్‌లో, చాయ్ హోటల్ దగ్గర, కనిపించినవాళ్లనల్లా అడిగాను.

చాయ్ హోటల్లో ఒక పెద్దాయన తడుముకోకుండా "టాటా" అన్నాడు. మా దగ్గర ఆ మాటకు కారణముంది. ఆదిభట్ల ఇక్కడికి కూతవేటు దూరం. అక్కడ టీసీఎస్ క్యాంపస్ ఉంది. టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు ఇక్కడే తయారై సముద్రాలు దాటుతున్నాయి. "మా చిన్నోడు అండ్లనే చేస్తడు. ఒకటో తారీఖు జీతం పడుతది" అన్నాడాయన. చూడండి, ఆయన నమ్మకానికి ఆధారం యాడ్ కాదు, ఒకటో తారీఖు.

ఇంకో కుర్రాడు ఫోన్‌పే స్పీకర్ చూపించాడు. "ఇదొక్కటే అన్నా అబద్ధం చెప్పనిది" అన్నాడు పకోడీలు తీస్తూ. నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే నిజమే. 2016లో మొదలైన యూపీఐలో ఇప్పుడు నెలకు 1,800 కోట్లకు పైగా లావాదేవీలు జరుగుతున్నాయి. చిల్లర లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకుంటే తప్ప నమ్మని మనం, ఒక డబ్బా చెప్పిన మాట విని "వచ్చినయ్, పో అన్నా" అంటున్నాం. అయితే ఆ డబ్బాను నమ్మొచ్చు గానీ స్క్రీన్‌షాట్‌ను నమ్మకూడదని కూడా ఆ కుర్రాడే చెప్పాడు. నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి ఎవరో రెండు ప్లేట్లు తినిపోయాక స్పీకర్ కొన్నాడట.

బ్యాంకు అన్నవాళ్లున్నారు, ఎల్ఐసీ అన్నవాళ్లున్నారు. పోస్టాఫీసు అన్నవాళ్లు అందరూ యాభై దాటినవాళ్లే. నా వయసు వాళ్లలో ఒక్కరు కూడా పోస్టాఫీసు పేరెత్తలేదు. క్రిప్టో అన్నవాడు ఒకడున్నాడు. వాడి గురించి ఇక్కడ రాయను, మా క్లాస్‌మేట్.

అమ్మ చిట్టీ

అమ్మ నమ్మేది మా గల్లీ చివర కిరాణం పెద్దమ్మను. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చిట్టీ. పన్నెండేళ్లుగా నడుస్తోంది. రాతకోతల్లేవు. ఒక లాంగ్ నోట్‌బుక్, దానికి కట్టిన రబ్బర్ బ్యాండ్, అంతే. అక్క పెళ్లికి అమ్మ లక్ష చిట్టీని 85 వేలకు పాడి ఎత్తింది. సాయంత్రానికల్లా పైసలు చేతిలో ఉన్నాయి.

"అమ్మా, ఇది చట్టప్రకారం తప్పు. 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది. రిజిస్ట్రార్ దగ్గర అనుమతి లేకుండా చిట్టీ నడపొద్దు. నడిపేవాళ్లు చిట్టీ మొత్తానికి సమానంగా డిపాజిట్టో, దానికి తగ్గ ఆస్తో రిజిస్ట్రార్ దగ్గర హామీ పెట్టాలి. కమిషన్ కూడా ఏడు శాతం దాటొద్దు" అని గూగుల్ చేసి మరీ చెప్పాను.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. "గా కంపెనోడు పారిపోతే యాడ దొర్కుతడు? ఈమె పారిపోతే కిరాణం ఎవరు నడుపుతరు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అంటే, ఉంది. కిరాణాలు మూసేసి రాత్రికి రాత్రి వెళ్లిపోయిన చిట్టీల వాళ్ల వార్తలు మన జిల్లా పేజీల్లో కొత్తేం కాదు. కానీ అమ్మ మాటలో ఒక లాజిక్కుంది. మనిషి కళ్ల ముందుండాలి, వాళ్లు పోగొట్టుకునేది కూడా ఏదో ఉండాలి. పెద్దమ్మకు ఈ ఊరు తప్ప ఇంకో ఊరు లేదు. చట్టంలోని డిపాజిట్ రూలు కూడా సరిగ్గా అదే చెబుతోంది, కాకపోతే వేరే భాషలో. నమ్మించేవాడి సొంత పైసలు కూడా ఎక్కడో కుదువలో ఉండాలి.

ఇదే లాజిక్‌ను పెద్దగా చేసి చూపించిన ఊరు ఒకటుంది, హనుమకొండ జిల్లా ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ఆధ్వర్యంలో రైతులు పెట్టుకున్న సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అప్పు, విత్తనం, ఎరువు, పంట కొనుగోలు అన్నీ అక్కడే. తర్వాత అక్కడి ఆడవాళ్లు సొంతంగా డెయిరీ కూడా పెట్టారు. సినిమా స్టార్ లేడు, ఫ్లెక్సీ లేదు. మోసం చేస్తే పొద్దున్నే బావి దగ్గర ఎదురుపడేది తాను మోసం చేసిన మనిషే.

ఊళ్లో మహిళా సంఘాల మీద నమ్మకానికి కూడా మూలం అదే. ఆ నమ్మకాన్ని కంపెనీలు అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో 2010లో చూశాం. గ్రూపులు కట్టించి, ఒకరికి ఒకరిని పూచీ పెట్టి మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పులిచ్చాయి. ఆ ఆగస్టులో ఎస్కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్లోకి ఘనంగా వచ్చింది. అక్టోబర్ కల్లా, వసూళ్ల వేధింపులకు ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆరోపణల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మా అమ్మకు అప్పటి సంగతులు బాగా గుర్తు. అందుకే బ్యాగు వేసుకుని ఎవరొచ్చినా ముందు తలుపు దగ్గరికేస్తుంది.

అవార్డు వచ్చిన కంపెనీ

పేరున్న కంపెనీ అయితే చాలు కదా అంటారు మా ఆఫీసులో. పేరంటే సత్యం కన్నా పెద్ద పేరు ఏది? 2008లో మంచి కార్పొరేట్ పాలనకు 'గోల్డెన్ పీకాక్' అంతర్జాతీయ అవార్డు అందుకున్న కంపెనీ అది. కొన్ని నెలలకే, 2009 జనవరి 7న, లెక్కల్లో చూపించిన వేల కోట్లు అసలు లేనే లేవని ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశాడు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు నేను చిన్నదాన్ని. కానీ మా మేనమామ ఆ షేర్లు కొన్నాడు కాబట్టి ఆ తేదీ మా ఇంట్లో పండగ తేదీల్లా అందరికీ నోటికొచ్చు.

ప్రీ లాంచ్‌లకైతే మన ఉదాహరణలు మరీ కొత్తవి. సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంగతి మీరు రీల్స్‌లో కూడా చూసే ఉంటారు. అమీన్‌పూర్‌లో ఫ్లాట్లంటూ ముందే కోట్లు వసూలు చేశారన్న ఆరోపణలపై 2022 డిసెంబర్‌లో హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు కంపెనీ ఎండీని అరెస్టు చేశారు. కట్టినవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఉన్నారు. లారీ డ్రైవర్లే మోసపోతారనుకోవద్దు.

మరి సర్కారు? ఇబ్రహీంపట్నంలో ఉంటూ ఈ మాట దాటేసి రాయలేను. 2022 ఆగస్టు 25న మా సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను హైదరాబాద్‌లోని నిమ్స్‌కు, కార్పొరేట్ ఆస్పత్రికి తరలించారు. విచారణ జరిగింది, బాధ్యులని తేల్చినవాళ్లపై చర్యలూ తీసుకున్నారు. చిన్న పిల్లల తల్లులు వాళ్లు. ఆ నలుగురిలో ఎవరూ ఏ యాడ్ చూసీ అక్కడికి వెళ్లలేదు. సర్కారుదే కదా అని వెళ్లారు.

అదే దవాఖాన మెట్ల మీద మొన్న ఒక అవ్వను అడిగాను, భయం కాదా అని. "బీపీ గోలీలు ఈడ్నే ఇస్తరు బిడ్డా. యాడికి పోవాలె మరి?" అంది. సర్వేల్లో ఇలాంటి జవాబును కూడా నమ్మకం కిందే లెక్కేస్తారేమో. నాకైతే అది నమ్మకంలా వినిపించలేదు. ఇంకో దారి లేకపోవడంలా వినిపించింది.

నంబర్ ఏది బావా?

మళ్లీ మా ఇంటికొద్దాం. బయానా సంగతి తెలిసిన రాత్రి నేను ఫోన్ పట్టుకుని తెలంగాణ రెరా వెబ్‌సైట్ తెరిచాను. ప్రాజెక్టు పేరు కొట్టాను. లేదు. కంపెనీ పేరు కొట్టాను. లేదు. స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టాను. ఆ కంపెనీ ఫ్లెక్సీ చౌరస్తాలో ఇరవై అడుగులుంది, వెబ్‌సైట్‌లో ఒక్క లైను లేదు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది పనికొచ్చే ముక్క. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయినా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ అయినా ముందు రిజిస్టర్ చేయించాలి. అది కాకుండా అమ్మడం కాదు, యాడ్ ఇవ్వడం కూడా తప్పే. అంటే 'ప్రీ లాంచ్ ఆఫర్' అన్న మాటే చట్టానికి ఎదురు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే ప్రాజెక్టు ఖర్చులో పదిశాతం దాకా జరిమానా. రెరా నంబర్ మన దగ్గర 'పీ' అక్షరంతో మొదలవుతుంది. బ్రోచర్ మీద నంబరుంటే చాలదు, వెబ్‌సైట్‌లో కొట్టి చూడాలి. అది ఆ ప్రాజెక్టుదేనా, సర్వే నంబర్లు కలుస్తున్నాయా చూడాలి. రెరా ఉంటే భూమికి గొడవల్లేవని గ్యారంటీ కాదు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు వేరేగా చూపించుకోవాల్సిందే.

బావకు ఫోన్ చేశాను. "నంబర్ ఏది బావా?"

"అప్లై చేసినం. రెండు నెలల్ల వస్తది."

"వచ్చినంకనే కడ్తం మరి."

"అప్పుడు తొమ్మిది వేలైతది గజం. నీకు తెల్వదు, సార్ వాళ్లు మస్తు పెద్దోళ్లు."

"నాయినకిచ్చిన రసీదు మీద స్టాంపు కూడ లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. వాడు కూడా మూడు లక్షలు పెట్టాడట, మేనత్త బంగారం కుదువబెట్టి. ఉద్యోగంలో చేరినప్పుడు 'నువ్వే కొనకపోతే జనం ఎట్ల నమ్ముతరు' అని సార్లు అన్నారట. నేను తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఆగిపోయాయి. ఆ కంపెనీ కొన్నది వాడి పనిని కాదు, వాడి చుట్టాల్ని. నెలకు పదిహేను వేల జీతానికి ఒక్కో కుర్రాడు తన మామల్నీ, బాబాయిల్నీ, అక్కల్నీ తెచ్చిస్తాడు. వాళ్లంతా బ్రోచర్ చదవరు, ముఖం చూస్తారు. ఫ్లెక్సీ మీద హీరో ఊరికే, అసలు బ్రాండ్ అంబాసిడర్ మా బావ.

నాయిన నాతో వారం మాట్లాడలేదు. "అల్లుడి ముందర తల తీసేసినవ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పైసలు పోతాయేమోనన్న భయం కన్నా, అడగడమే అవమానం అన్నది ఆయన లెక్క. మనవాడిని నంబర్ అడుగుతామా? నేను చెప్పినదానికల్లా ఆయన దగ్గర ఒకటే జవాబు: "మేం లారీ లోడు మాట మీదనే ఏసేటోళ్లం." నిజమే. కానీ ఆ లోడు వేసేవాడికి మళ్లీ రేపు ఇదే లారీ కావాలి. ప్లాట్ అమ్మేవాడికి మళ్లీ మనతో పని లేదు. అది చెప్పాక మాత్రం కాసేపు ఆలోచించాడు.

చివరికి ఆయనే లేచి, పాస్‌బుక్కు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లాడు. మిగిలిన ఎనిమిదిన్నర లక్షలు సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేశాడు. 8.2 శాతం వడ్డీ. మూడు నెలలకోసారి 17,425 రూపాయలు పడతాయి. బ్యాంకులో అయితే ఒక్కో బ్యాంకుకు ఐదు లక్షల దాకానే డిపాజిట్ బీమా, అదీ 2020 నుంచే, అంతకుముందు లక్షే. పోస్టాఫీసు పైసలకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. నాయినకు ఇవేవీ చెప్పలేదు నేను. కౌంటర్లో ఉన్నామె ఫారం నింపడానికి సాయం చేసి, "పెద్దాయనా, నామినీ పేరు మర్చిపోకుండ్రి" అన్నదట. ఇంటికొచ్చి ఆ ఒక్క మాట మూడుసార్లు చెప్పాడు.

అయినా సాగర్ రోడ్డులో వెళ్లేటప్పుడు ఆ వెంచర్ దిక్కు చూస్తాడు. అక్కడ గజం రేటు నిజంగానే పెరిగితే నన్ను జన్మలో వదిలిపెట్టడు. పెరగొచ్చు కూడా. ఆ మాట నేను కాదనను.

బయానా 50 వేల కోసం మూడు నెలలు తిరిగాం. ఫోన్లు, వాట్సాప్‌లు, 'మేనేజర్ లీవ్‌లో ఉన్నడు'లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుతామని, రెరాకు రాస్తామని నేను మెసేజ్ పెట్టాక 30 వేలు వచ్చాయి. కంపెనీ నుంచి కాదు, బావ ఫోన్ నుంచి. వాడి జేబులోంచే పంపాడేమోనని అమ్మ అనుమానం. బతుకమ్మకు మేనత్త వచ్చింది గానీ బావ రాలేదు. ఎప్పుడూ బావ తెచ్చే తంగేడు పూలు ఈసారి నేను కొనుక్కొచ్చాను.

పోయిన శనివారం నాయిన ఫోన్ మోగింది. ఐదు వేలు పడ్డాయి. కింద చిన్న మెసేజ్: 'మామా, మిగతాయి సంక్రాంతికి.' నాయిన అద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. ఇంకా పదిహేను వేలున్నాయి. "వాన్ని అడగకు" అన్నాడు నాతో.